సింప్సన్ సూత్రంలో ఎర్రర్ 16 రెట్లు ఎందుకు తగ్గడం లేదు?

నమస్తే అండీ. గుంటూరు బ్రాడీపేటలో రూమ్‌లో ఉండి ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్నాను. ఎక్స్ వర్గమూలాన్ని 0 నుంచి 1 వరకు సింప్సన్ 1/3 సూత్రంతో (వక్రరేఖ కింది వైశాల్యాన్ని ముక్కలు చేసి ఉజ్జాయింపుగా లెక్కించే పద్ధతి) ఇంటిగ్రేట్ చేశాను. అసలు విలువ 2/3. 2 భాగాలు చేస్తే ఎర్రర్ 0.0286, 4 చేస్తే 0.0101, 8 చేస్తే 0.0036. భాగాలు రెట్టింపైతే ఎర్రర్ 16వ వంతుకు పడిపోవాలి కదా, నాకు 2.8 రెట్లే తగ్గుతోంది. రాత్రి రెండింటి దాకా క్యాలిక్యులేటర్‌తో మళ్లీ మళ్లీ చూశాను, లెక్క తప్పలేదు.

సున్నా దగ్గర డెరివేటివ్‌లు అనంతమవడమే కారణమని నా అనుమానం. ఎందుకంటే ఎక్స్ బదులు టీ స్క్వేర్ పెడితే సరిగ్గా 2/3 వచ్చేస్తోంది! కానీ ఆ 2.8 అనేది 2 పవర్ 1.5 అని ఎలా చూపించాలి? సోమవారం సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది. పూర్తి ప్రూఫ్ అక్కర్లేదు, మొదటి మెట్టు చెప్పండి చాలు.