ఆక్వాపోనిక్స్ బెడ్డు నిండా నత్తలే, మైలుతుత్తం వేయొచ్చా?

మేడమీద_పాలకూర:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, ఏడాదిన్నరగా మేడ మీద చిన్న ఆక్వాపోనిక్స్ సెటప్ (చేపల నీళ్ళతోనే మొక్కలు పెంచడం) నడుపుతున్నా. వెయ్యి లీటర్ల ఐబీసీ ట్యాంకు (ఇనుప చట్రంలో ఉండే ప్లాస్టిక్ ట్యాంకు) కోసి కింద చేపలు (పాతిక తిలాపియాలు), పైన 20 ఎం.ఎం. కంకర బెడ్డు, పక్కన నీలం డ్రమ్ము నిలువుగా చీల్చి థర్మోకోల్ షీటు మీద పాలకూర, పుదీనా. మూడు నెలల క్రితం తెలిసినాయన చెరువులోంచి తీసిన అంతరతామర నాలుగు మొక్కలు ఇస్తే నీడకి బాగుంటుందని ట్యాంకులో పడేశా. అంతే, అప్పటి నుంచీ నత్తలు. మొదట పదో పదిహేనో, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి, ఇప్పుడు కంకర తీస్తే గుప్పెడు వస్తున్నాయి, ట్యాంకు గోడల మీద జిగురు చుక్కల్లా గుడ్లు. థర్మోకోల్ ఎత్తి చూస్తే పాలకూర వేళ్ళ మీద కూడా అవే. మొన్న రాత్రి బెల్ సైఫన్ (బెడ్డు నిండగానే నీళ్ళని తనంతట తనే ట్యాంకులోకి వదిలేది) గొట్టంలో నత్తలు ఇరుక్కుని బెడ్డు పొంగి నీళ్ళు కింద వాళ్ళ బాల్కనీలోకి కారాయి, పొద్దున్నే నాకు క్లాసు. ఎరువుల కొట్టాయన మైలుతుత్తం కొంచెం వేయండి, ఒక్కరోజులో పోతాయి అన్నాడు. వేయొచ్చా?

గాజుతొట్టి_హైదరాబాద్:
వద్దు సార్, దయచేసి వేయకండి. నత్తలు పోవడం నిజమే, కానీ మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేటే, అందులోని రాగి నీళ్ళలోంచి పోదు, కంకరకి పడుతుంది, చేపల మొప్పల్ని దెబ్బతీస్తుంది, చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాని మొక్కలకి పనికొచ్చే నైట్రేట్ చేసే బ్యాక్టీరియాకీ మంచిది కాదు. పైగా ఆ పాలకూర తినేది మీరే. ఇంకోటి చాలామంది ఆలోచించరు: ఏ మందుతో అయినా వందల నత్తలు ఒకేసారి కంకరలో చచ్చాయనుకోండి, అవన్నీ అక్కడే కుళ్ళి అమ్మోనియా ఒక్కసారిగా లేస్తుంది. తిలాపియా మొండిది కాబట్టి తట్టుకోవచ్చేమో, తట్టుకోకపోవచ్చు కూడా.
మీ నత్తని మొన పైకి, నోరు మీ వైపుకి పెట్టి చూడండి. నోరు ఎడమ పక్కన ఉంటే బ్లాడర్ నత్త. చక్రంలా చుట్టుకుని ఉంటే రామ్స్‌హార్న్. ఈ రెండూ ఆడా మగా ఒక్కటే, ఒక్కటి మిగిలినా తనంతట తనే గుడ్లు పెట్టుకోగలదు. అందుకే ‘మొత్తం ఏరేశాను’ అన్నమాట నమ్మకండి.

చెరువుగట్టు:
మైలుతుత్తం ఎందుకండీ, నాలుగు కుంకుడుకాయలు నానబెట్టి ఆ రసం పోస్తే సరి. సహజం, మందూ కాదు.

భీమవరం_రొయ్య:
అయ్యా చెరువుగట్టు గారూ, కొంప ముంచుతారు! కుంకుడు నురగలో ఉండే సాపోనిన్ నత్తలకి విషమే, చేపలకీ విషమే. మా వైపు రొయ్య చెరువుల్లో పిల్ల వదిలే ముందు అక్కర్లేని చేపల్ని చంపడానికి వాడే టీ సీడ్ కేకు పనిచేసేది సరిగ్గా ఇదే సాపోనిన్‌తో. సహజం అయితే మంచిదని ఎవరు చెప్పారో గానీ.
చేపతో చేపించాలనుకుంటే బంగారుతీగ రెండు మూడు పిల్లలు వేసి చూడండి, అడుగు కెలుకుతూ చిన్న నత్తల్ని బాగానే తింటుంది. రూప్‌చంద్ అయితే గుల్లతో సహా నమిలేస్తుంది, కాకపోతే మొక్క వేళ్ళు అందాయో అవీ నమిలేస్తుంది, పైగా మీ ట్యాంకు చాలదు. నీలకంఠ రొయ్య కూడా తింటుంది గానీ తిలాపియాతో కలిపి పెట్టొద్దు, అది డొల్ల విడిచిన రోజు దాని పని అయిపోతుంది. ఇంతకీ ఏ చేపా కంకర బెడ్డులోకి ఎక్కలేదు కదా, అక్కడ మీరే చూసుకోవాలి.

మేడమీద_పాలకూర:
అమ్మో, కుంకుడు నేను నిజంగానే పోసేవాడిని. నోరు ఎడమ పక్కనే ఉంది సార్. మేత రోజుకి మూడుసార్లు వేస్తున్నా, మా పాప స్కూలు నుంచి వచ్చాక ఇంకో గుప్పెడు వేస్తుంది, చేపలు పైకి వస్తుంటే దానికి సరదా.

గాజుతొట్టి_హైదరాబాద్:
దొరికింది. మీరు పెంచుతున్నది చేపల్ని కాదు, నత్తల్నే. చేపలు తినగా మిగిలిన మేత, పాచి, కుళ్ళిన ఆకు, వీటి మీదే వాటి సంసారం. ఐదు నిమిషాల్లో తినేసేంతే వేయండి, పాప గుప్పెడు కూడా లెక్కలోకి తీసుకోండి. ఎండ పడే ట్యాంకు గోడకి గోనెపట్టా కడితే పాచి తగ్గుతుంది. అన్నట్టు, పొద్దున్నే నత్తలన్నీ నీళ్ళు వదిలి గోడ పైకి ఎక్కేశాయంటే వాటిని తిట్టకండి, ముందు ఏరేటర్ (నీళ్ళలోకి గాలి పంపే మోటారు), అమ్మోనియా చూడండి.

పెరటి_విశాఖ:
నాకూ ఇదే గొడవ అయింది తమ్ముడూ, నేను చేసింది చెప్తాను. రాత్రి పడుకునే ముందు క్యాబేజీ ఆకు ఒకటి చిన్న రాయి కట్టి ట్యాంకులో వేసేదాన్ని, కంకర బెడ్డులో అయితే చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో దోసకాయ ముక్క పెట్టి సగం పాతేదాన్ని. తెల్లారేసరికి నల్లగా మూగి ఉంటాయి, ఎండ రాకముందే తీసేయాలి, లేదంటే దిగిపోతాయి. రోజూ చేయాలి, రెండు రోజులు మానేస్తే లాభం లేదు, గుడ్లు వారం పది రోజుల్లో పిల్లలైపోతాయి కదా. సైఫన్‌కి బయట ఇంకో లావు గొట్టం, దానికి సన్నటి రంపపు గాట్లు పెట్టి నిలబెట్టు, కంకరా రాదు నత్తా రాదు. మోటారుకి ప్లాస్టిక్ వల చుట్టు, జీఐ (జింకు పూత వేసిన ఇనుము) జాలీ వద్దు, జింకు చేపలకి పడదు. బెడ్డులో నీళ్ళు కంకర పైభాగానికి రెండు అంగుళాలు కిందే ఆగేలా నిలువు గొట్టం కోసుకో, పైన పొడిగా ఉంటే పాచి పట్టదు, నత్తలూ పైకి రావు. కొత్త మొక్క ఏదైనా తెస్తే పటిక నీళ్ళ బకెట్లో రెండు రోజులు ఉంచి, కడిగి వేసుకో. ఆకుకూరలు పచ్చిగా తినకండి, చెరువు నత్తలతో పురుగులు కూడా వస్తాయి, వండుకుంటే భయం లేదు.

మేడమీద_పాలకూర:
ఆరు వారాల తర్వాత రాస్తున్నా. పోలేదు, కానీ తగ్గాయి. మొదటి వారం రోజూ టీ గ్లాసుడు వచ్చేవి, ఇప్పుడు పాతిక ముప్పై. అంతరతామర తీసేశా, మేత రెండుపూటలే, పాప గుప్పెడు స్పూనుకి దిగింది (దానికి కోపంగా ఉంది). బంగారుతీగలు రెండు వేశా, పని చేస్తున్నాయో లేదో గానీ బాగా లావెక్కాయి. గాట్ల గొట్టం పెట్టాక సైఫన్ ఒక్కసారీ ఆగలేదు, కింద వాళ్ళు పలకరిస్తున్నారు. ఏరిన నత్తలు ఉడకబెట్టి పక్కింటి కోళ్ళకి ఇస్తున్నా. ఇప్పుడు ఇంకో డౌటు, పీహెచ్ 6.2కి పడింది, ఆ ఖాళీ గుల్లలు కడిగి వేస్తే పెరుగుతుందా?

గాజుతొట్టి_హైదరాబాద్:
పెరుగుతుంది, గుల్ల అంటే క్యాల్షియం కార్బొనేటే. ఎండబెట్టి వలసంచిలో కట్టి మోటారు నీళ్ళు పడే చోట వేలాడదీయండి, 6.8 దాటగానే తీసేయండి.