ఫోన్‌లో కార్టూన్లు చూసే బాబు కొడుతున్నాడు, అడగవలసినవి అడగడం లేదు: రెండింటికీ కారణం ఒకటేనా?

ప్రశ్న (కరీంనగర్ నుంచి ఒక తల్లి)

మా బాబుకు మూడున్నరేళ్లు. అన్నం తినిపించడానికి అలవాటు చేసిన ఫోన్ ఇప్పుడు పూటంతా వాడి చేతిలోనే ఉంటోంది. కొట్టుకునే కార్టూన్లు చూసి లేచాక అవే అరుపులు అరుస్తూ చెల్లెలిని తోసేస్తున్నాడు. హిందీ కార్టూన్లలోని సంభాషణలను పొల్లుపోకుండా అప్పజెబుతాడు గానీ, దాహమైతే నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కుపోతాడే తప్ప నీళ్లు కావాలని నోరు తెరిచి అడగడు. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని మా అత్తగారు ధైర్యం చెబుతున్నారు. ఇదంతా ఫోన్ వల్లనే అనుకోవచ్చా? పూర్తిగా మాన్పించాలా?

జవాబు (మనస్తత్వశాస్త్ర అధ్యాపకుడు, వరంగల్)

అమ్మా, ఈ రెండు సంగతులనూ విడదీసి చూడటం మంచిది. చూసినదాన్ని పిల్లలు అనుకరిస్తారనడానికి అందరూ ఉదహరించేది, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1961లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ పిల్లలు 72 మందితో చేసిన ప్రయోగం. గాలి నింపిన బొమ్మను ఒక పెద్దమనిషి సుత్తితో మోదడం చూసిన పిల్లలు, తమకు అవకాశం దొరకగానే అవే దెబ్బలు కొట్టి, అవే మాటలు అన్నారు. 1963లో మనిషికి బదులు ఫిల్మ్ చూపించినా అలాగే జరిగింది. అయితే పడి లేచే ఆ బొమ్మ కొట్టడానికే తయారైనది కనుక, దాన్ని కొట్టినవాడు తోటి పిల్లలనూ కొడతాడని దానితోనే తేల్చడం తొందరపాటు.

మీకు పనికివచ్చేది 2013లో వెలువడిన సియాటిల్ అధ్యయనం. 3–5 ఏళ్ల పిల్లలున్న 565 కుటుంబాలలో కొందరికి, చూసే సమయాన్ని తగ్గించమనకుండా, కొట్లాటల కార్యక్రమాల స్థానంలో స్నేహాన్నీ సహకారాన్నీ చూపేవి పెట్టమని మాత్రమే చెప్పారు. ఆరు నెలలకు ఆ పిల్లల్లో దూకుడు తగ్గింది. తేడా పెద్దదేమీ కాదు, కానీ ఉంది. అందుకే చెల్లెలిని తోసే విషయంలో గంటల లెక్క కంటే ముందు, వాడు చూసేదాన్ని మార్చండి.

జవాబు (స్పీచ్ థెరపిస్టు, విజయవాడ)

మాటల దగ్గరకు వచ్చేసరికి లెక్క వేరు. పిల్లలు భాష నేర్చే తీరును పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనీస్ మాటలు వినిపించినప్పుడు, ఎదుట కూర్చున్న మనిషి నుంచి విన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడాలను పట్టుకున్నారు, వీడియోలో మాత్రమే చూసిన వేరే పిల్లలు పట్టుకోలేకపోయారు. 2009 నాటి మరో అమెరికా అధ్యయనంలో, ఇంట్లో టీవీ మోగే ఒక్కో గంటకూ పిల్లల చెవిన పడే పెద్దల మాటలు సుమారు 770 తగ్గాయి. ఇంట్లోవాళ్లు మాట్లాడటమే తగ్గిపోతుందన్నమాట.

కానీ మీరు రాసినదానిలో నన్ను ఆపినది ఫోన్ కాదు. సంభాషణలు అప్పజెప్పగలిగిన పిల్లవాడు తన అవసరాన్ని మాటతో అడగకుండా చెయ్యి పట్టుకు లాగడాన్ని ఆలస్యమని సరిపెట్టుకోకూడదు. ఆటిజం (ఇతరులతో మాటలో, కలయికలో తేడా కనిపించే ఎదుగుదల స్థితి) ఉన్న పిల్లల్లో ఇలా కనిపించవచ్చు, అది ఉందేమో పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఇక్కడ రాసిన నాలుగు మాటలను బట్టి నేను చెప్పలేను, ఎవరూ చెప్పకూడదు. అత్తగారి మాటను పక్కన పెట్టి ముందు వినికిడి పరీక్ష, తర్వాత ఎదుగుదల పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే ప్రభుత్వ పథకం కింద చాలా జిల్లా ఆసుపత్రులలో డీఈఐసీ కేంద్రాలు (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి సాయం చేసే జిల్లా కేంద్రాలు) ఉన్నాయి, అక్కడ ఇవి ఉచితం.

జవాబు (హ్యూస్టన్ నుంచి ఒక తండ్రి)

థెరపిస్టు గారి మాటకు చిన్న చేర్పు. తెర అన్నదల్లా ఒకటి కాదండీ. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో రెండేళ్లు దాటిన పిల్లలు, రికార్డు చేసిన వీడియో నుంచి నేర్వలేని కొత్త క్రియాపదాలను, తమకు జవాబిచ్చే మనిషితో వీడియో కాల్‌లో నేర్చుకున్నారు. మా పాప తెలుగులో సగం గుంటూరులోని అమ్మమ్మ కాల్‌లో వచ్చినదే. ఆవిడ ప్రశ్న అడిగి, పాప జవాబు చెప్పేదాకా ఊరుకోదు.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ ధన్యవాదాలు. ఆటిజం అన్న మాట చదివి భయం వేసింది గానీ, సోమవారం జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్తున్నాం. వాడు చెయ్యి పట్టుకు లాగేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసి డాక్టరు గారికి చూపిస్తే ఉపయోగపడుతుందా?

జవాబు (స్పీచ్ థెరపిస్టు, విజయవాడ)

తప్పకుండా. కొత్త చోట పిల్లలు ఇంట్లో ఉన్నట్టు ఉండరు. చెల్లెలితో ఆడుకునేటప్పుడూ, పేరు పెట్టి పిలిచినప్పుడూ ఎలా ఉంటాడో కూడా తీయండి.