టేలర్‌ని చంపిందెవరు? నా ఓటు షెల్బీకే

పాతరీలు: 1922 ఫిబ్రవరి 1 రాత్రి లాస్ ఏంజెలెస్‌లో మూకీల దర్శకుడు విలియం డెస్మండ్ టేలర్‌ని ఆయన ఇంట్లోనే కాల్చేశారు. కేసు నేటికీ తేలలేదు. నా అనుమానం షార్లెట్ షెల్బీ మీదే. ఆమె కూతురు, పంతొమ్మిదేళ్ల హీరోయిన్ మేరీ మైల్స్ మింటర్, తనకంటే ముప్ఫై ఏళ్లు పెద్దవాడైన టేలర్‌కి ప్రేమలేఖలు రాసింది. ఇల్లు నడిచేది ఆ పిల్ల సంపాదన మీద. తల్లి దగ్గర .38 తుపాకీ ఉండేదంటారు, టేలర్‌కి తగిలిందీ .38 గుండే. ఇంకేం కావాలి?

గోదారిగట్టు: ఆ రోజుల్లో అక్కడ .38 లేని ఇల్లుందా అండీ! పాత నౌకరు ఎడ్వర్డ్ శాండ్స్‌ని మర్చిపోయారు. దొంగ చెక్కులు రాశాడు, నగలు కొట్టేశాడు. పైగా వాటిని తాకట్టు పెట్టి, ఆ చీటీలు టేలర్‌కే పోస్టు చేశాడు. చీటీల మీద పేరు విలియం డీన్-టానర్. అది టేలర్ అసలు ఇంటిపేరు! 1908లో న్యూయార్క్‌లో భార్యాబిడ్డల్ని వదిలేసి వచ్చిన మనిషి గుట్టు వాడికి తెలుసన్నమాట.

పాతరీలు: గుట్టు తెలిసినవాడు డబ్బు గుంజుతాడు గానీ బంగారు బాతుని చంపుకుంటాడా? జేబులో 78 డాలర్లు, వేలికి వజ్రపుటుంగరం అలాగే ఉన్నాయి.

నైట్‌షో: కోటు సంగతి ఎవరూ ఎత్తరేం? కోటుకి పడ్డ చిల్లు, లోపలి వెయిస్ట్‌కోటు చిల్లు ఒకదాని మీదికొకటి రావు. ఎడమ చెయ్యి పైకెత్తితేనే కలుస్తాయి. అంటే చేతులెత్తి నిలబడ్డాడు, లేదా ఎవరినో కౌగిలించుకున్నాడు. పొరుగింటి ఫెయిత్ మెక్‌లీన్‌కి గుమ్మంలో కనిపించిన మనిషి ఆమెని చూసి కంగారు కూడా పడలేదు, తలుపేసుకుని నింపాదిగా వెళ్లిపోయాడు.

పాతరీలు: మగ వేషంలో షెల్బీ అయ్యుండొచ్చుగా?

నైట్‌షో: అయితే మూకీల నటి మార్గరెట్ గిబ్సన్ కూడా అయ్యుండొచ్చు. 1964లో చనిపోతూ నేనే చంపానందట. నాకైతే అదీ నమ్మబుద్ధి కాదు. అసలు కేసు పాడైంది మర్నాడు పొద్దున. ఎవడో డాక్టర్‌నంటూ వచ్చి, కడుపులో రక్తస్రావం అనేసి మాయమయ్యాడు. వెల్లకిలా పడున్న శవాన్ని తిప్పాక గానీ గుండు దెబ్బ కనపడలేదు. ఈలోపు స్టూడియో వాళ్లు ఉత్తరాలు సర్దేశారు. పాతరీలు గారూ, వాటిలో ఏముందో తెలియకుండా షెల్బీకి ఉరేస్తే ఎలా?