బ్యాకింగ్ ట్రాక్‌తో గిటార్: సాధనకు సరే, స్టేజీ మీద కూడా సరేనా?

కొత్త_తీగలు:
అందరికీ నమస్కారం. ఇంట్లో ఎప్పుడూ బ్యాకింగ్ ట్రాక్ పెట్టుకునే గిటార్ వాయిస్తుంటాను. డ్రమ్స్, బేస్, కొంచెం కీబోర్డు ఉంటాయి, వాటి మీద మెలొడీ, సోలో నేను వాయిస్తాను. వచ్చే నెల ఒక చిన్న కార్యక్రమంలో అరగంట వాయించమని అడిగారు. నేనొక్కడినే, పాట లేదు. ఇదే పద్ధతిలో వాయిద్దాం అనుకుంటే, తెలిసినాయన ఒకరు "అలాగైతే ప్లేయర్ ఆన్ చేసి పక్కన నిలబడితే సరిపోతుందిగా" అన్నారు. అప్పటి నుంచి మనసు మనసులో లేదు. సాధనలో ట్రాక్ వాడటం, జనం ముందు వాడటం, రెండింటి గురించీ మీ అనుభవం చెప్పండి.

లయపిచ్చి:
జనం ముందు సంగతి తర్వాత, ముందు సాధనలోనే తగ్గించండి. ట్రాక్ మీరు వాయించేది వినదు. మీరు తొందరపడినా అది తొందరపడదు, మీరు వెనకబడినా ఆగదు. మీరేమో తెలియకుండానే జారి, తెలియకుండానే మళ్లీ దాని దగ్గరికి వచ్చేస్తారు. తప్పు జరిగిందనే తెలియదు. తాళం బరువంతా అది మోస్తుంటే మీ చేతికి ఆ అలవాటు ఎప్పుడు వస్తుంది?

ఒక పని చేసి చూడండి. ట్రాక్‌ని ఏదైనా ఎడిటింగ్ యాప్‌లోకి తీసుకుని, మధ్యలో నాలుగు బార్లు (ఒక్కో బారు తాళంలో ఒక చుట్టు) పూర్తిగా మ్యూట్ చేయండి. ఆ నాలుగు బార్లూ ఆగకుండా వాయించండి. శబ్దం తిరిగొచ్చేసరికి ఒకటో బీటు మీద ఉన్నారా లేదా చూసుకోండి. తర్వాత ఎనిమిది బార్లు. ట్రాకుతో ఏళ్ల తరబడి వాయించినవాళ్లు కూడా ఇక్కడ తడబడటం నా కళ్లతో చూశాను. గోడకు బంతి కొట్టుకుంటూ ఎంతకాలం ఆడినా, అవతల మనిషి నిలబడితే ఆట వేరుగా ఉంటుంది.

ఆరో_తీగ:
గోడతో సాధన చేయని ఆటగాడు ఎవరున్నారు సార్? మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది.

నేను ఒంటరిగా, ట్రాకులతోనే, కార్యక్రమాలు చేసి బతుకుతున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఇదేదో ఫోన్లు వచ్చాక పుట్టిన సోమరితనం కాదు. ఒక వాయిద్యం తీసేసిన రికార్డులను మ్యూజిక్ మైనస్ వన్ అనే సంస్థ 1950 నుంచే అమ్మింది. జాజ్ నేర్చుకునేవాళ్ల కోసం జేమీ ఏబర్‌సోల్డ్ 1967లో తన ప్లే-ఎలాంగ్ రికార్డుల వరస మొదలుపెట్టాడు. వాటిలో బేస్ ఒక ఛానల్‌లో, పియానో ఇంకో ఛానల్‌లో ఉంటాయి. బేస్ నేర్చుకునేవాడు బేస్ ఉన్న వైపు ఆపేసి, ఆ చోట తాను వాయించుకోవచ్చు. రాన్ కార్టర్ లాంటి పెద్ద బేసిస్టులు ఆ రికార్డులకు వాయించారు. అలాంటి మనిషి పక్కన వాయించే అవకాశం ఇంట్లో కూర్చుని సాధన చేసేవాడికి ఇంకెలా వస్తుంది?

మెట్రోనోమ్ తాళం చెబుతుంది, కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) మారిందని చెప్పదు. ఏ మైనర్ నుంచి డీ సెవెన్త్‌కి మారినప్పుడు సీ స్వరాన్ని సీ షార్ప్‌కి కాకుండా పొరపాటున సీ దగ్గరే ఉంచేస్తే ఎలా వినిపిస్తుందో, ఎఫ్ షార్ప్ మీద ఆగితే ఎలా వినిపిస్తుందో చెవికి తెలియాలంటే కింద కార్డు మోగుతూ ఉండాలి. స్కేలు ఒక్కటే పట్టుకుని ఒంటరిగా పైకీ కిందికీ తిరిగేవాళ్లకు ఇది ఎప్పటికీ పట్టుబడదు.

సిక్స్‌స్ట్రింగ్_సుబ్బు:
డీ సెవెన్త్‌లో సీ ఉంటుంది కదా? సీ షార్ప్ ఎందుకు?

ఆరో_తీగ:
ఉంటుంది. సీ షార్ప్ అవసరం ఏ సెవెన్త్ వచ్చినప్పుడు, తొందరలో రెండూ కలిపి రాశాను. ఏ మైనర్, డీ సెవెన్త్ మధ్య వినాల్సింది ఎఫ్ షార్ప్ ఒక్కటే. చెప్పదలచుకున్నది మారదు.

డీలే_పెడల్:
తమ్ముడూ, ఏం చేసినా బ్లూటూత్ స్పీకర్ మాత్రం వద్దు. దానిలో వంద మిల్లీసెకన్లకు పైనే ఆలస్యం ఉంటుంది. 120 టెంపోలో, అంటే నిమిషానికి 120 బీట్లలో, ఒక బీటులో నాలుగో వంతు అంటే 125 మిల్లీసెకన్లు. అంత తేడా వస్తే ఇంక వాయించడమెందుకు?

మోనో_మిక్స్:
లెక్క సరిగ్గానే ఉంది, ముగింపు తప్పు. ట్రాక్ మొత్తం ఆలస్యంగా వస్తే నష్టమేమీ లేదు. మీరు వినేదీ అదే స్పీకర్, శ్రోతలు వినేదీ అదే స్పీకర్. మీరు విన్నదానికి కలిపి వాయిస్తారు, అంతే. గిటార్‌ని కూడా బ్లూటూత్‌లో పంపినా, మీ చెవిలో బ్లూటూత్ పెట్టుకుని బయట స్పీకర్లకు తీగ ద్వారా పంపినా అప్పుడు ఇబ్బంది.

డీలే_పెడల్:
మధ్యలో కనెక్షన్ తెగిపోతే?

మోనో_మిక్స్:
అది ఆలస్యం కాదు, వేరే సమస్య. దానికోసం తీగే వాడాలి, ఒప్పుకుంటాను. ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టాలి కూడా. సోలో మధ్యలో రింగ్‌టోన్ స్పీకర్లలో మోగడం చూశాను, ఆ వాయిద్యకారుడి ముఖం ఇప్పటికీ గుర్తుంది.

డీలే_పెడల్:
సరే, కానీ నేను మొదట చెప్పింది కూడా బ్లూటూత్ వద్దనే.

నైలాన్_వేళ్లు:
నాది వేరే దారి. ట్రాక్ ఎందుకు కావాల్సి వస్తోందో ఆలోచించండి. అరగంట గిటార్ ఒక్కటే నిలబడదన్న భయం వల్లే కదా? గిటారిస్టులు మెర్ల్ ట్రావిస్, చెట్ అట్కిన్స్ బొటనవేలితో బేస్ నడుపుతూ మిగతా వేళ్లతో మెలొడీ పలికించారు. జాజ్ గిటారిస్టు జో పాస్ 1973లో దాదాపు మొత్తం ఒక్క గిటార్‌తోనే ఆల్బమ్ రికార్డు చేశాడు. బేస్ అంతా ప్రతి బీటుకూ వినిపించనక్కర్లేదు. నాలుగు బీట్లకు ఒకసారి కార్డుకు మూలమైన స్వరం తాకితే మిగతాది వినేవాళ్ల చెవి నింపుకుంటుంది. ఆ పద్ధతిలో రెండు పాటలైనా తయారు చేసుకోమ్మా, కరెంటు పోయినా వాయించగలవు.

ఆరో_తీగ:
జో పాస్‌ని కొలబద్దగా పెడితే ఎవరమూ స్టేజీ ఎక్కలేం అక్కా.

నైలాన్_వేళ్లు:
జో పాస్‌లా వాయించమనలేదు. రెండు పాటలన్నాను.

లయపిచ్చి:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. నాలుగు బార్ల పరీక్ష ఎవరైనా చేశారా? కార్డుల గురించి పేజీలు రాస్తున్నారు, తాళం ఎవరు మోస్తున్నారన్న దగ్గరికి మాత్రం రావట్లేదు. ఇంకో మాట. స్టేజీ మీద జనం ఊపందుకుంటే సోలో ఇంకో రౌండు వాయించాలనిపిస్తుంది. మనుషులైతే కళ్లతో సైగ చేస్తే అర్థం చేసుకుంటారు. మీ ట్రాక్‌లో పన్నెండు బార్లు రెండుసార్లు అని ఉంటే రెండుసార్లే.

ఆరో_తీగ:
ఆ పరీక్ష చేశాను, ఒకటో బీటు మీదే దిగాను. రికార్డు చేసి విన్నాను కూడా. అసలు ట్రాకుతో సాధన చేసేవాళ్లు ఎవరైనా గిటార్‌ని విడిగా రికార్డు చేసుకుని, ట్రాక్ లేకుండా ఆ ఒక్కటే వినాలి. జారుడు అంతా అక్కడ బయటపడుతుంది. మనిషి డ్రమ్మర్‌తో వాయించినప్పుడు నేను జారితే ఆయనా నాతో జారతాడు. ఎవరికీ తెలియదు. మరి ఏది నయం?

స్టేజీ గురించి: ద హూ అనే రాక్ బృందం 1971 నాటికే సింథసైజర్ రికార్డు చేసిన టేపుతో కలిపి వాయించింది. వాళ్ల డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేపును వింటూ డ్రమ్స్ వాయించాడు. ఆయన్ని ఎవరైనా ప్లేయర్ పక్కన నిలబడ్డాడు అన్నారా?

లయపిచ్చి:
ఆ డ్రమ్మర్ స్టేజీ మీద ఉన్నాడు కదా!!

లూపు_లోకం:
మధ్యే మార్గం ఒకటుంది. లూపర్ పెడల్, అంటే కాలితో తొక్కితే వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ మోగించే పెట్టె. కార్డులు అప్పటికప్పుడు వాయించి, అవి తిరుగుతుంటే వాటి మీద సోలో. బాస్ కంపెనీ వాళ్ల ఆర్‌సీ-20 అనే లూపర్ 2001లో వచ్చినప్పటి నుంచి ఇది చాలామందికి అందుబాటులోకి వచ్చింది. మొదటి లూపులో తొక్కే క్షణం ఒక్కటి తప్పితే పాట మొత్తం కుంటుతుంది, దానికే నెలల సాధన కావాలి. కానీ మోగేదంతా మీరు వాయించిందే.

లయపిచ్చి:
దానికి నాకు అభ్యంతరం లేదు. లూపర్ అయితే నిక్షేపంగా వాడండి.

ఆరో_తీగ:
ఆగండి. లూపు కూడా మీరు వాయించేది వినదు. తొందరపడితే తొందరపడదు, సైగ చేస్తే చూడదు. ట్రాక్ మీద మీరు చెప్పిన ప్రతి మాటా లూపుకీ వర్తిస్తుంది. మరి దానికి అభ్యంతరం లేదంటే మీ బాధ తాళం గురించి కాదన్నమాట. మీరు డ్రమ్స్ వాయిస్తారా?

లయపిచ్చి:
వాయిస్తాను. అందులో దాచేదేముంది?

ఆరో_తీగ:
అలాగైతే మొదటి పోస్టులోనే చెప్పాల్సింది. పాపం ఆ అబ్బాయి సలహా అడిగితే, సాధన పాడవుతుందని భయపెట్టారు. మీ పని పోతుందన్న కోపాన్ని సంగీత పాఠంలా చెప్పడం న్యాయం కాదు.

లయపిచ్చి:
న్యాయం గురించి మీరు చెబుతారా? వినండి అయితే. ఒక గిటారిస్టుతో చాలాకాలం వాయించాను. రిహార్సళ్లు ఆయనే రికార్డు చేసేవాడు, తప్పులు సరిదిద్దుకోవడానికని. ఒకరోజు, ఈసారి కార్యక్రమానికి ఒక్కణ్ణే పిలిచారని మెసేజ్ పెట్టాడు. సరే అన్నాను. తర్వాత ఎవరో తీసిన వీడియో చూస్తే, వెనక స్పీకర్లో మోగుతున్నది నేను. నా స్నేర్, నా ఫిల్లు, మూడో పాట చివర నేను ఎప్పుడూ చేసే ఆ చిన్న ఆలస్యం కూడా. మనిషిని పిలవకుండా నా వాయింపుని తీసుకెళ్లాడు. అడగలేదు, పేరు చెప్పలేదు, పైసా ఇవ్వలేదు. జనం ఆయనకు చప్పట్లు కొట్టారు.

లూపు వాడేవాడు తన చేతులనే రెండుసార్లు వాడుకుంటున్నాడు. ట్రాక్ వాడేవాడు వేరేవాళ్ల చేతులను వాడుకుంటున్నాడు. నాకున్న తేడా అది. తాళం సంగతీ నిజమే, దాన్ని వెనక్కి తీసుకోను.

నైలాన్_వేళ్లు:
అది చాలా అన్యాయం. రికార్డింగులో వాయించినవాళ్ల అనుమతి అడగడం కనీస ధర్మం.

సిక్స్‌స్ట్రింగ్_సుబ్బు:
ఆయన్ని అడిగారా తర్వాత?

లయపిచ్చి:
అడిగాను. "నువ్వే వాయించావు కదా, సంతోషపడాలి" అన్నాడు.

ఆరో_తీగ:
మీకు జరిగింది తప్పు, అందులో రెండో మాట లేదు. కానీ ఆయన చేసినదానికి ట్రాక్ వాడే ప్రతివాడి మీదా ఆ మచ్చ వేయకండి. నా వైపు కూడా వినండి. నాకూ బృందం ఉండేది. కార్యక్రమం రోజు సాయంత్రం, ఇంకో చోట ఎక్కువ ఇస్తున్నారని డ్రమ్మర్ రాలేదు. ఫోన్ తీయలేదు. బేసిస్టు ఆయన లేకపోతే నేనెందుకని వెళ్లిపోయాడు. అక్కడ నిలబడి నిర్వాహకుల చేత మాటలు పడింది నేను. ఆ రాత్రి నుంచి ట్రాకులు తయారు చేసుకోవడం మొదలుపెట్టాను. డ్రమ్స్ నేనే ప్రోగ్రాం చేస్తాను, బేస్ నేనే వాయిస్తాను. ఎవరి చేతులూ దొంగిలించలేదు. పిలిచేవాళ్లు ఒక మనిషికి సరిపడా ఇస్తామంటారు. నలుగురు రావాలంటే వాళ్లు పిలవడమే మానేస్తారు. నేను ఇంట్లో కూర్చుంటే మీకు పని దొరుకుతుందా?

లయపిచ్చి:
ఒక్క మనిషికి ఇచ్చే డబ్బుతో నలుగురి మోత వినిపించడం అలవాటు చేసింది ఎవరు? ఇప్పుడు నిర్వాహకులు నా ముందే "డ్రమ్మర్ ఎందుకండీ, ట్రాక్ ఉంటుందిగా" అంటున్నారు. ఆ మాట వాళ్లకు మీరు నేర్పారు. మీరు ఒక్కరే అయితే ఒక్కరి సంగీతమే వినిపించండి, గిటార్ ఒక్కటే వాయించండి, నాకు ఏ బాధా లేదు. నలుగురి శబ్దం కావాలంటే నలుగురిని అడగాలని వాళ్లకు తెలియాలి.

ఆరో_తీగ:
వినేవాళ్లకు నిండుగా వినిపించాలన్నది నా బాధ్యత. డ్రమ్మర్లందరి ఉపాధి కాపాడటం నా ఒక్కడి బాధ్యత ఎలా అవుతుంది? ఇక్కడ మనం ఎప్పటికీ కలవం.

లయపిచ్చి:
కలవం.

మోనో_మిక్స్:
అసలు అడిగిన తమ్ముడి కోసం పనికొచ్చేవి రాస్తాను. ట్రాక్‌లో గిటార్ లాంటి శబ్దాలు, ముఖ్యంగా స్ట్రమ్మింగ్, మందపాటి కీబోర్డు కార్డులు తీసేయండి. మీ గిటార్ నిలబడే చోటు అదే. అవి అక్కడ ఉంటే మీరు వాల్యూం పెంచుతూ పోతారు, వినేవాళ్లకు మోతే మిగులుతుంది. బజారులో దొరికే ట్రాకులు గట్టిగా కంప్రెస్ చేసి (మెల్లని, గట్టి శబ్దాల మధ్య తేడా తగ్గించి) ఉంటాయి. ఇంట్లో బాగున్నా, పెద్ద స్పీకర్ల మీద మీరు మెల్లగా వాయించిన చోటల్లా మిమ్మల్ని మింగేస్తాయి. ట్రాక్‌ని మీరు అనుకున్నదానికన్నా తగ్గించి పెట్టండి. చాలా చోట్ల స్పీకర్ల వ్యవస్థ మోనోలో (రెండు వైపులా ఒకే శబ్దం) ఉంటుంది. స్టీరియోలో విశాలంగా వినిపించే కొన్ని శబ్దాలు మోనోలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుని మాయమవుతాయి. ఇంట్లోనే మోనోలో పెట్టి వినండి. ఎడమ ఛానల్‌లో ట్రాక్, కుడి ఛానల్‌లో క్లిక్ (తాళం చెప్పే టిక్ టిక్ శబ్దం) పెట్టి, క్లిక్ మీ చెవికి మాత్రమే పంపే పద్ధతి కూడా ఉంది. కానీ తీగలు తారుమారైతే జనం క్లిక్ వింటారు, ముందే సరిచూసుకోండి. పాత రికార్డుల నుంచి తీసిన ట్రాక్ అయితే శ్రుతి మామూలు 440 హెర్ట్జ్‌కి కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, ట్యూనర్‌ని కాకుండా ట్రాక్‌ని నమ్మి ట్యూన్ చేయండి.

కొత్త_తీగలు:
అందరికీ ధన్యవాదాలు. లయపిచ్చి గారు చెప్పినట్టు నాలుగు బార్లు మ్యూట్ చేసి చూశాను. ప్రతిసారీ ముందే వచ్చేస్తున్నాను, ఇంతకుముందు ఇది అసలు తెలియలేదు. ఇకపై రోజూ సగం సమయం ట్రాక్ లేకుండా చేస్తాను. కార్యక్రమంలో రెండు పాటలు నైలాన్ అక్క చెప్పినట్టు గిటార్ ఒక్కటే, మిగతావి ట్రాక్‌తో. ట్రాకులు మొత్తం మానేయమంటే మాత్రం నాకు ఇప్పుడు అరగంట నిండదు.

ఒక సందేహం. నా ట్రాకుల్లో చాలావరకు కార్డులు టైప్ చేస్తే సాఫ్ట్‌వేర్ తయారు చేసినవి. ఒక్కటి మాత్రం మనుషులు వాయించింది. వాళ్ల పేర్లు స్టేజీ మీద చెప్పాలా?

ఆరో_తీగ:
చెప్పాల్సిన పనిలేదు. ఎవరూ చెప్పరు. పాటకు ముందు పేర్లు చదివితే వినేవాళ్ల ధ్యాస పోతుంది.

లయపిచ్చి:
చెప్పండి. ఎవరూ చెప్పరు కాబట్టే చెప్పండి. పది సెకన్లు పడుతుంది.

కొత్త_తీగలు:
ట్రాక్ దొరికిన చోట డ్రమ్మర్ పేరు ఉంది, బేసిస్టుది లేదు. వెతుకుతాను.

మోనో_మిక్స్:
వెతుకు. అలాగే ఆ ట్రాక్‌లో డ్రమ్స్ పైన పెట్టే ఓవర్‌హెడ్ మైకుల శబ్దం బాగా విశాలంగా ఉండే అవకాశం ఉంది. మోనోలో వినడం మర్చిపోకు.