ఎస్‌ఎంసీ సభ్యురాలిగా సంతకం పెట్టే ముందు నేను ఏమి చూడాలి, ఏమి అడగవచ్చు?

ప్రశ్న: ఆరో తరగతి బాబు తల్లి, అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ

అందరికీ నమస్కారం. మా బాబు చదివే మున్సిపల్ ప్రాథమికోన్నత పాఠశాలలో 2024 ఆగస్టు 8న జరిగిన ఎన్నికలో నన్ను పాఠశాల యాజమాన్య కమిటీ (ఎస్‌ఎంసీ) సభ్యురాలిగా ఎన్నుకున్నారు. నేనుగా నిలబడలేదు. ఆ రోజు వచ్చిన తల్లులలో తడుముకోకుండా చదవగలిగేది నేనేనని పక్కవారు నా పేరు చెప్పారు, మిగిలినవారు చేతులెత్తారు. మూడు వారాలు తిరిగేసరికి బుడమేరు వరద వచ్చింది. నీళ్లు తీశాక బడిలో బురద ఎత్తిపోయడానికి, తడిసిన బల్లలను ఎండలో వేయడానికి పదిహేను మందిమి వెళ్లాము. కమిటీలో ఉన్నవారూ వచ్చారు, లేనివారూ వచ్చారు.

ఆ దగ్గరితనం తరువాత నిలవలేదు. సమావేశం ఎప్పుడూ పనిదినాన ఉదయం పదకొండు గంటలకే పెడతారు. నాలుగిళ్లలో పని చేసుకునే తల్లులు, ఆటోనగర్ షెడ్లకు వెళ్లే తండ్రులు ఒక పూట కూలి వదులుకుంటే తప్ప రాలేరు. రానివారి చేత తరువాత గేటు దగ్గర తీర్మానాల పుస్తకంలో సంతకాలు పెట్టిస్తారు. కిందటి నెల బాబును తీసుకురావడానికి వెళ్లినప్పుడు నేనూ అలాగే, పైన ఏమి రాసి ఉందో చదవకుండా సంతకం పెట్టాను. ఇంటికి వచ్చినప్పటి నుంచి మనసు పీకుతూనే ఉంది. సభ్యురాలిగా నేను ఏమేమి అడగవచ్చు? అడిగితే తరగతిలో మా బాబును వేరుగా చూస్తారేమోనన్న భయం కూడా ఉంది, దాచను.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గుంటూరు

అమ్మా, ఆ సంతకం మిమ్మల్ని బాధ పెట్టిందంటేనే మిమ్మల్ని ఎన్నుకున్నవారు పొరబడలేదని నాకు అనిపిస్తోంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీ సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలు ఉండాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు, ప్రధానోపాధ్యాయుడు కన్వీనరుగా ఉంటారు. అంటే ఆ పుస్తకం మీ కమిటీది. అందులో ఉన్నది చదవడానికి మీరు ఎవరినీ అనుమతి కోరనక్కరలేదు. బడికి వచ్చిన గ్రాంటును ఎలా ఖర్చు చేస్తున్నారో చూడడం, మధ్యాహ్న భోజనం అమలును గమనించడం, ఉపాధ్యాయులు వేళకు వస్తున్నారో లేదో తెలుసుకోవడం కమిటీ బాధ్యతలే. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద 251 నుంచి 1000 మంది వరకు పిల్లలున్న బడికి ఏటా 75,000 రూపాయల గ్రాంటుకు నిబంధన ఉంది. మీ బడికి ఎంత వచ్చింది, దేనికి ఎంత పోయింది అని అడగడం ఎవరినీ అనుమానించడం కాదు. ఈ మాట హెచ్‌ఎంగా ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను. లెక్క చదివి వినిపించిన రోజు నాకే గుండె తేలికపడేది, ఎందుకంటే తరువాత మాట వస్తే నాతోపాటు నిలబడడానికి పాతికమంది ఉండేవారు.

అన్నిటికంటే ముఖ్యమైనది 22వ సెక్షన్‌లోని పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. వచ్చే మూడేళ్లలో ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, ఎందరు ఉపాధ్యాయులు కావాలి, గదులూ మరుగుదొడ్లూ ఎన్ని కావాలి, వాటికి ఎంత డబ్బు పడుతుంది అన్నది కమిటీయే రాసి పంపాలి. చాలా బడులలో ఇది ఒక్కరే రాసి, మిగిలినవారు సంతకం పెట్టే కాగితంగా మిగిలిపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

వేళ విషయంలో మా అనుభవం చెబుతాను. మా బడి తల్లులలో చాలామంది కోల్డ్ స్టోరేజీలలో మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్లేవారు. పగటి సమావేశానికి ఐదుగురు కూడా వచ్చేవారు కాదు. రాత్రి ఏడు గంటలకు మార్చాక, పిల్లలను చంకనేసుకునైనా వచ్చారు.

జవాబు: ఇద్దరు ఆడపిల్లల తండ్రి, పటమట

మీకు ఇన్ని హక్కులున్నందుకు సంతోషంగా ఉంది, ఎందుకంటే మా పిల్లలు చదివే ప్రైవేటు బడికి ఆ 21వ సెక్షన్ వర్తించదు. ప్రభుత్వ సాయం పొందని ప్రైవేటు బడులను అందులోంచి మినహాయించారు. మా దగ్గర ఏటా ఫీజుతో కలిపి పేరెంట్స్ అసోసియేషన్ సభ్యత్వమని కొంత తీసుకుంటారు గానీ ఆ అసోసియేషన్ ఎప్పుడు సమావేశమైందో ఆరేళ్లలో నాకు తెలియలేదు. మాది సీబీఎస్‌ఈ బడి. ఆ బోర్డు నిబంధనల ప్రకారం మేనేజింగ్ కమిటీలో ఇద్దరు తల్లిదండ్రులు ఉండాలని తెలిశాక, వారు ఎవరో చెప్పమని మర్యాదగా ఒక లేఖ రాసి ఇచ్చాను. జవాబు కోసం చూస్తున్నాను.

జవాబు: కమిటీ వైస్ చైర్‌పర్సన్, కృష్ణలంక, విజయవాడ

చెల్లీ, మీ భయం గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఆ భయం నాకూ ఉండేది. ఒంటరిగా వెళ్లి అడిగితే అది ఫలానా పిల్లవాడి తల్లి గొడవ అవుతుంది. అందుకే మేము ఎప్పుడూ ముగ్గురం కలిసి వెళ్లేవాళ్లం, అడగవలసినది ముందే కాగితం మీద రాసుకునేవాళ్లం. మా హెచ్‌ఎం మేడమ్ మొదట ముభావంగా ఉన్నా, మరుగుదొడ్ల నిర్వహణ డబ్బు ఆలస్యమవుతోందని మాతోనే పై అధికారులకు తీర్మానం రాయించుకునేంత వరకు వచ్చారు. బడికి వెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే తల్లికి వందనం పథకంలో ఒక్కో బిడ్డకు చెప్పిన 15,000లో 2,000 బడుల నిర్వహణకు మినహాయించుకుని 13,000 మన ఖాతాలలో వేశారు కదా. ఆ 2,000 మన పిల్లల పేరు మీదిదే, దాని గురించి మనం కాక ఎవరు అడుగుతారు?

మాస్టారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. మన సమావేశాలలో మాటంతా గోడలు, కుళాయిల దగ్గరే ఆగిపోతుంది. 2024 డిసెంబరు 7న జరిగిన మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌కు మా వీధి తల్లులందరం వెళ్లాము. ముగ్గులు వేశాము, సంతోషంగా గడిపాము. కానీ మా వాడు మూడో తరగతి వాచకం కూడా కూడబలుక్కుని చదువుతున్నాడని నాకు తెలిసింది ఆ తరువాత ఒక సాయంత్రం, టీచరు గారి పక్కన కూర్చుని వాడి చేత చదివించినప్పుడే. పిల్లల హాజరు, చదువు ఎలా ఉన్నాయో తల్లిదండ్రులతో క్రమంగా మాట్లాడడం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుల విధి అని ఆవిడే నాకు చెప్పారు. చదువు రాని తల్లులున్న చోట తీర్మానాన్ని పైకి చదివి వినిపించాకే సంతకాలు తీసుకోవాలని కూడా మేము ఒక తీర్మానం చేసుకున్నాము.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, మీరు చెప్పినట్లే మా పక్కింటి ఇద్దరిని వెంటబెట్టుకుని నిన్న హెచ్‌ఎం గారిని కలిశాను. పుస్తకం ఇచ్చి, కూర్చోబెట్టి చదవనిచ్చారు. నేను సంతకం పెట్టినది వంటగది పైకప్పు మరమ్మతు తీర్మానమట. అందులో తప్పేమీ లేదు గానీ వరదలో పాడైన బల్లల మాట ఇంతవరకు ఏ పేజీలోనూ లేదు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి సమావేశానికి ఆయన ఒప్పుకున్నారు. మాస్టారూ, బల్లల అవసరాన్ని మూడేళ్ల ప్రణాళికలో రాయాలా, లేక ఈ ఏడాది గ్రాంటులోనే అడగాలా? ఆదివారం లోపు చెప్పగలిగితే కాగితం సిద్ధం చేసుకుంటాను.