బాధితురాలినే ముద్దాయిగా చూపారు: న్యాయవాదుల సలహా కావాలి

అనంతపురం జిల్లాకు చెందిన ఒక మహిళ తరఫున అడుగుతున్నాను. ఇంటిపని ఇప్పిస్తామని నమ్మించి మహారాష్ట్రలోని ఒక నగరానికి తీసుకెళ్లి, అక్కడ ఒక వ్యభిచార గృహానికి అప్పగించారు. పోలీసులు దాడి చేసినప్పుడు ఆమెను బాధితురాలిగా కాక, అనైతిక వ్యాపార నిరోధక చట్టం సెక్షన్ 8 (వ్యభిచారం కోసం బహిరంగంగా పిలవడం, ప్రలోభపెట్టడం) కింద ముద్దాయిగా చూపారు. తనకు చదవరాని మరాఠీ వాంగ్మూలం మీద వేలిముద్ర వేయించుకొని, అందులో ఆమె ఇష్టపూర్వకంగానే ఉంటున్నట్టు రాశారు.

1956 నాటి ఆ చట్టాన్ని 1986లో సవరించాక, వ్యభిచారమంటే వాణిజ్య ప్రయోజనాల కోసం వ్యక్తులను లైంగికంగా దోపిడీ చేయడం లేదా దుర్వినియోగపరచడం అని సెక్షన్ 2 చెబుతోంది. దోపిడీకి గురైన మనిషి అదే చట్టం కింద ముద్దాయి కావడం నాకు అన్యాయంగా తోస్తోంది. పైగా, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 ప్రకారం అక్రమ రవాణా నేరాన్ని నిర్ధారించడంలో బాధితురాలి సమ్మతితో నిమిత్తమే లేదు. వ్యభిచార గృహాలపై దాడుల్లో సెక్స్ వర్కర్లను అరెస్టు చేయరాదని, వేధించరాదని సుప్రీంకోర్టు నియమించిన కమిటీ కూడా సిఫార్సు చేసింది; కానీ కేంద్రం అభ్యంతరం చెప్పిన ఆ సిఫార్సును అమలు చేయమని 2022 మే 19 నాటి ఉత్తర్వులో కోర్టు ఆదేశించలేదు, పోలీసులు సెక్స్ వర్కర్లతో గౌరవంగా ప్రవర్తించాలని మాత్రం ఆదేశించింది.

ఇలాంటి కేసులు వాదించినవారు దయచేసి చెప్పండి: సెక్షన్ 2 నిర్వచనం ఆధారంగా సెక్షన్ 8 అభియోగాన్ని కొట్టివేయించవచ్చా? సెక్షన్ 143 కింద తదుపరి దర్యాప్తు ఆమె కోరవచ్చా? ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది కనుక, అనంతపురంలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేస్తే మహారాష్ట్రలోని కోర్టులో న్యాయవాదిని ఏర్పాటు చేయిస్తారా?