చేత్తో సెంటు సీసాలు నింపడానికి సాయం వెళ్తున్నాను, తెలిసినవాళ్లు చెప్పండి

ఉప్పల్_సుధ:
నా స్నేహితురాలు చిన్న యూనిట్ పెట్టుకుని సొంతంగా సెంట్లు తయారుచేస్తోంది. లైసెన్సు, ఆల్కహాల్ పర్మిషన్ అన్నీ ఉన్నాయి. రంజాన్ ఆర్డర్లు, పెళ్లిళ్ల రిటర్న్ గిఫ్టుల ఆర్డర్లు ఒకేసారి వచ్చిపడ్డాయి. నింపే మెషీన్ కొనే స్తోమత ఇంకా లేదు. సెలవు రోజుల్లో వచ్చి నింపిపెడతానని మాటిచ్చాను. 50 ఎంఎల్ స్ప్రే సీసాలు, 6 ఎంఎల్ అత్తరు రోల్-ఆన్‌లు. నెలల తరబడి కూర్చుని తను కలిపిన సరుకు అది, నా చేతిలో పాడవకూడదు. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

ల్యాబ్_రమణ:
సుధ గారూ, ముందు గది సంగతి చూడండి. స్ప్రే సెంటులో ఎక్కువ భాగం ఇథనాల్ అనే ఆల్కహాలే. 20 డిగ్రీల లోపే నిప్పు అంటుకునేంత ఆవిరి వదులుతుంది, అంటే మన దగ్గర దాదాపు ఏడాది పొడుగునా. ఆ ఆవిరి గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పాకి పక్క గదిలోకీ పోతుంది. పక్కనే పూజ గదిలో దీపం, అగరుబత్తి వెలుగుతుంటే పని మొదలుపెట్టకండి. గ్యాస్ పొయ్యి, దోమల బ్యాట్ దగ్గర్లో ఉండకూడదు. కిటికీలు తెరిచి ఉంచండి. ఒకవేళ అంటుకుంటే ఇథనాల్ మంట లేత నీలంగా ఉంటుంది, పగటి వెలుతురులో సరిగా కనబడదు కూడా. అందుకే మంటలార్పే సిలిండర్ చేతికందే చోట పెట్టుకోమంటున్నాను.

ఇంకొకటి. వడకట్టే ముందు చల్లబరిస్తే మైనం లాంటివి గడ్డకట్టి ఫిల్టర్ కాగితం మీద నిలిచిపోతాయి, సెంటు తేటగా వస్తుంది. కానీ దానికోసం ఇంట్లో కూరగాయల ఫ్రిజ్ వాడొద్దు. లోపలి బల్బు స్విచ్, థర్మోస్టాట్ దగ్గర వచ్చే చిన్న మెరుపు చాలు. ఇలాంటివి పెట్టడానికని చేసిన ఫ్రిజ్‌లు వేరే ఉంటాయి.

పాతబస్తీ_గులాబ్:
మాది పత్తర్‌గట్టి పక్కన అత్తరు దుకాణం అక్కా, నాన్న కాలం నుంచి ఉంది. అత్తరుల స్పిరిట్ ఉండదు కాబట్టి రమణ సార్ చెప్పిన భయం అంత లేదు, కష్టం వేరే. గంధం, ఊద్ (అగరు చెక్క నూనె) చిక్కగ ఉంటయి, సిరంజిలకు ఎక్కవు. మూత గట్టిగ పెట్టి సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెల కొంచెంసేపు నిలబెట్టు, పలచబడ్తది. పొయ్యి మీద మాత్రం పెట్టొద్దు, పైవాసనలన్నీ పోతయి.

రోల్-ఆన్ సీసా అంచుదాక పొయ్యొద్దు. మూతి మీద బంతి నొక్కేటప్పుడు నూనె పక్కలకెళ్లి తన్నుకొస్తది, ఇగ ఆ సీసా ఎంత తుడిచినా జిడ్డు పోదు.

ఒక్కో అత్తరుకు ఒక్కో సిరంజి. నల్ల రబ్బరు ఉన్నది వాసన పీల్చుకుంటది, ఎంత కడిగినా గులాబీ అత్తరుల ఊద్ వాసన వస్తనే ఉంటది. గాజుది దొరికితే మంచిగుంటది.

చుక్క విలువ ఎందుకంటున్ననంటే, మాకు సరుకు యూపీల ఉన్న కన్నౌజ్ నుంచి వస్తది. అక్కడ డేగ్ అనే పెద్ద రాగి బానల పూలు ఉడికించి, ఆవిరిని వెదురు గొట్టంల నుంచి భప్కా అనే ఇంకో రాగి పాత్రల ఉన్న గంధం నూనెలకు దింపుతరు. రోజూ కొత్త పూలు మార్చుకుంట మళ్లీ మళ్లీ చేస్తరు. గందుకే మా నాన్న గరాటుకు అంటిన నూనె గూడ దూదితోని తుడిచి, ఆ దూదిని కొనేటోళ్ల చేతుల పెట్టేటోడు.

నెల్లూరు_నిర్మల:
నేను ఒక చిన్న తయారీదారు దగ్గర స్ప్రే సీసాలు నింపే పని చేశాను. కొత్త సీసాలే కదా అని నేరుగా పోయకండి. అట్టపెట్టె నూగు, గాజు పొడి లోపల ఉంటాయి. అదే ఆల్కహాల్ కొద్దిగా పోసి కలియదిప్పి, బోర్లించి, పూర్తిగా ఆరనివ్వండి. నీళ్లతో కడిగి తడి మిగిలితే సెంటు మబ్బు పట్టే అవకాశం ఉంది.

పంపు గొట్టం పొడుగ్గా వస్తుంది. సీసా పక్కన ఆనించి చూసి, చివర ఏటవాలుగా కత్తిరించాలి. నిటారుగా కోస్తే అడుగున అతుక్కుని పంపు పీల్చదు. పొట్టిగా కోస్తే అడుగున మిగిలిన సెంటు ఎప్పటికీ రాదు, కొన్నవాళ్లకి అది ఎంత బాధో!

క్రింపింగ్, అంటే పంపు చుట్టూ ఉన్న లోహపు పట్టీని సీసా మెడకి నొక్కి బిగించడం, అన్నిటికన్నా ఓపిక అడిగే పని. చేతి క్రింపర్‌ను నిటారుగా దించి ఒక్కసారే నొక్కాలి. తర్వాత లోహపు పట్టీని వేళ్లతో తిప్పి చూడండి. తిరిగితే వదులు. మరీ బలంగా నొక్కితే మెడ దగ్గర వెంట్రుకంత పగులు వస్తుంది, వెలుతురుకి పెట్టి చూస్తేనే కనబడుతుంది. అయ్యాక సీసాలన్నీ టిష్యూ కాగితం మీద పక్కకి పడుకోబెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి మరక కనిపించిన సీసా పక్కకి తీసేయడమే. లేబుల్ అంటించడం ఆ తర్వాతే. ముందే అంటిస్తే కారిన సెంటుకి సిరా అలికిపోతుంది.

ఉప్పల్_సుధ:
నిర్మల గారూ, చాలా థాంక్స్. ఎంత పోయాలో ఎలా చూసుకునేవారు? కొలత గ్లాసుతోనా, కాటా మీదా?

నెల్లూరు_నిర్మల:
మేం మట్టం చూసి పోసేవాళ్లం. సీసాలన్నిట్లో భుజం దగ్గర ఒకే గీతకి.

కొలత_మాస్టారు:
అక్కడే నాకు అభ్యంతరం, నిర్మల గారూ. గాజు మందం సీసా సీసాకీ కొద్దిగా మారుతుంది. మట్టం ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. సుధ గారు బంగారం కొట్టులో వాడే లాంటి చిన్న కాటా తీసుకుని తూకంతో పోయాలి. ముందు మీ సెంటు 100 ఎంఎల్ ఎంత తూగుతుందో చూసుకోండి. 82 గ్రాములు వస్తే, 50 ఎంఎల్ అంటే 41 గ్రాములు. ఖాళీ సీసా పెట్టి కాటాని సున్నా చేసి పోసుకుంటూ వెళ్లడమే. నీళ్ల లెక్కన 50 గ్రాములు పోయకూడదు.

నెల్లూరు_నిర్మల:
లెక్క మీదే కరెక్టు మాస్టారూ. కానీ తూకంతో పోస్తే గిఫ్ట్ బాక్సులో పక్కపక్కనున్న రెండు సీసాల మట్టాలు తేడాగా కనబడతాయి. ఒకదానిలో తక్కువ పోశారని కొన్నవాళ్లు ఫోన్ చేస్తారు. వాళ్ల దగ్గర కాటా ఉండదు కదా! కళ్లకి కనబడేదే వాళ్లకి కొలత.

కొలత_మాస్టారు:
అదీ నిజమే. అలాగైతే మట్టం గీతను కాస్త పైకి పెట్టుకుని, మధ్యమధ్యలో సీసా తీసి తూచండి. అన్నిటికన్నా తక్కువ పట్టే సీసాలో కూడా లేబుల్ మీద రాసినంత ఉండాలి. అయితే మెడదాకా వద్దు. వేడికి ఇథనాల్ బాగా వ్యాకోచిస్తుంది. ఏసీ గదిలో నింపిన 50 ఎంఎల్ ఎండలో నిలబెట్టిన కొరియర్ బండిలో ఒక ఎంఎల్‌కి పైగా పెరగొచ్చు. ఆ ఖాళీ లేకపోతే పంపు దగ్గర కారుతుంది.

లేబుల్ మీద తయారీదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుకి ఫోన్ నంబర్ ఉండాలి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చిన్న తయారీదారులకీ వర్తిస్తాయి. బ్యాచ్ నంబర్ తప్పకుండా వేయించండి. రేపు ఒక సీసా మీద ఫిర్యాదు వస్తే మొత్తం సరుకుని అనుమానించే పని ఉండదు.

మల్లెపందిరి:
సుధా, నింపడానికి వెళ్లే రోజు తల్లో పూలు పెట్టుకోకు, సెంటు, వాసన నూనె రాసుకోకు. నిమ్మ, నారింజ లాంటి తేలిక రకాలు ముందు నింపి ఊద్, కస్తూరి చివర్న పెట్టుకో. కాసేపటికి ముక్కు మొద్దుబారి ఏ సీసాలో ఏముందో తెలియదు, అందుకే నింపిన వెంటనే ట్రే మీద పేరు రాసేయి.

ఇంకో మాట, పెద్దదాన్ని కాబట్టి చెబుతున్నా. స్నేహం కొద్దీ ఊరికే చేయకు. రోజుకింత అని మాట్లాడుకో, పోనీ సీసాకింత అని. నీ కోసం కాదమ్మా, ఆ అమ్మాయి కోసమే. నీ చాకిరీ లెక్కలోకి రాకపోతే సీసా ధర తక్కువ కడుతుంది. రేపు నువ్వు వెళ్లలేని రోజున మనిషిని పెట్టుకోవాలంటే ఆ ధరలో గిట్టదు. చేత్తో చేసే చిన్న వ్యాపారాలు చాలా మటుకు ఇక్కడే చితికిపోతాయి.

ఉప్పల్_సుధ:
ఆంటీ, ఆ మాట తనతో ఇవాళే మాట్లాడతాను. కాటా, గాజు సిరంజిలు ఆర్డర్ పెట్టాం. ఒక్క సందేహం. బెంగళూరు ఆర్డర్లు విమాన కొరియర్‌లో పంపొచ్చా?

ల్యాబ్_రమణ:
ఆల్కహాల్ సెంటు మండే ద్రవాల కింద ప్రమాదకర సరుకు, ప్రమాదకర సరుకులకి ఐక్యరాజ్యసమితి ఇచ్చే నంబర్లలో దానిది యూఎన్ 1266. ‘గిఫ్ట్’ అని రాసి మామూలు పార్సిల్‌లా విమానంలో పంపకూడదు. రోడ్డు మార్గంలో తీసుకెళ్లే కొరియర్ వాళ్లని అడగండి, లోపల ఏముందో ఉన్నదున్నట్టు చెప్పండి. సీసాలు నిటారుగా ఉండేలా సర్దించండి.

పాతబస్తీ_గులాబ్:
అక్కా, అత్తరు పార్సిళ్లకు గూడ ముందే అడుగు, ఒక్కో కొరియర్ ఒక్కో తీరు చెప్తది. రంజాన్ సరుకైతే పండగకు పది రోజుల ముందే పంపెయ్యి, ఆఖరి వారం మా గల్లీల బండి తిరగదు.